పెంటియం 4 మీద డెబియన్ 12: అప్‌డేట్ తర్వాత కొత్త కెర్నల్ బూట్ కావడం లేదు, పాతది మాత్రం అవుతోంది

గ్రంథాలయం_పీసీ:

అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాల జాబితా, సభ్యుల ఖాతాలు నడిచే పాత డెస్క్‌టాప్ ఒకటి కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాము) అప్‌డేట్ అయినప్పటి నుంచి బూట్ కాకుండా మొరాయిస్తోంది.

యంత్రం వివరాలు: పెంటియం 4, 2.4 గిగాహెర్ట్జ్. ఇంటెల్ 845 చిప్‌సెట్ బోర్డు, బయాస్ (బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రాము) తేదీ 2002. ర్యామ్ 1 జీబీ. 320 జీబీ ఐడీఈ హార్డ్ డిస్క్ ఒక్కటే ఉంది. డెబియన్ 12 లినక్స్, 32-బిట్, 686-పీఏఈ కెర్నల్. ఇన్‌స్టాలర్‌లో "మొత్తం డిస్క్ వాడు, అన్నీ ఒకే పార్టిషన్‌లో" అన్నదే ఎంచుకున్నాం. కాబట్టి ఎస్‌డీఏ1 (డిస్క్‌లో మొదటి పార్టిషన్) అంతా రూట్ (సిస్టమ్ ఫైళ్ళన్నీ ఉండే చోటు), చివర్లో చిన్న స్వాప్.

స్విచ్ వేస్తే గ్రబ్ (కెర్నల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్) మెనూ మామూలుగానే వస్తుంది. మొదటి వరుస, అంటే 6.1.0-21, ఎంచుకుంటే "లోడింగ్ లినక్స్", "లోడింగ్ ఇనిషియల్ ర్యామ్‌డిస్క్" అని రెండు వరుసలు వచ్చి, కింద ఇలా పడుతోంది:

ఎర్రర్: అటెంప్ట్ టు రీడ్ ఆర్ రైట్ అవుట్‌సైడ్ ఆఫ్ డిస్క్ 'హెచ్‌డీ0'.

ఏదో ఒక కీ నొక్కితే కెర్నల్ మొదలై, చివరికి "కెర్నల్ ప్యానిక్ - నాట్ సింకింగ్: వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)" దగ్గర ఆగిపోతుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి పాత 6.1.0-18 ఎంచుకుంటే ఏ గొడవా లేకుండా డెస్క్‌టాప్ దాకా వస్తోంది.

హార్డ్ డిస్క్ పోయిందని, మార్చి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమని ఒక సలహా వచ్చింది. డిస్క్ నిజంగానే పోయిందా? మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకుండా బాగయ్యే దారి ఉందా?

సెక్టార్_63:

డిస్క్ పోయిందని ఇప్పుడే అనుకోవద్దు. డిస్క్ మీద చెడిపోయిన చోటు తగిలితే గ్రబ్ అనే మాట వేరు: "ఫెయిల్యూర్ రీడింగ్ సెక్టార్" అని, ఆ సెక్టార్ నంబరుతో సహా చెబుతుంది. మీకు వచ్చింది "డిస్క్ హద్దు దాటి చదవమంటున్నారు" అన్న ఫిర్యాదు. అంటే గ్రబ్ దృష్టిలో మీ డిస్క్ అసలు సైజు కన్నా చిన్నది.

ప్యానిక్ దానికదే వేరే జబ్బు కాదు. ఇనిట్ఆర్‌డీ (తెర మీద వచ్చిన ఆ "ఇనిషియల్ ర్యామ్‌డిస్క్") ఫైలు లోడ్ కాకపోయినా, మీరు కీ నొక్కగానే గ్రబ్ కెర్నల్‌ని ఒంటరిగా పంపించేసింది. డిస్క్ డ్రైవర్లు ఉండేది ఇనిట్ఆర్‌డీలో. అవి లేని కెర్నల్‌కి రూట్ పార్టిషన్ ఎక్కడుందో తెలియదు, అందుకే 0,0 అని చూపిస్తుంది.

డిస్క్ చిన్నదిగా కనబడటానికి ఇంత పాత యంత్రాల్లో సాధారణంగా మూడు కారణాలుంటాయి.

మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి బయాస్ సెట్టింగులు పోవడం ఒకటి. అప్పుడు డిస్క్ యాక్సెస్ మోడ్ ఎల్‌బీఏ (సెక్టార్లకి వరుస నంబర్లు) నుంచి సీహెచ్‌ఎస్‌కి (పాత సిలిండర్-హెడ్-సెక్టార్ లెక్కకి) మారిపోయి డిస్క్ 8.4 జీబీగానే కనిపించవచ్చు. డిస్క్ వెనక జంపర్ తప్పుగా ఉండటం మరొకటి. కొన్ని పాత డిస్కుల్లో సామర్థ్యాన్ని 32 జీబీకి కుదించే జంపర్ ఉంటుంది. మూడోది, బయాస్‌కి 137 జీబీ దాటి చూడటం చేతకాకపోవడం. మీ బయాస్ 2002 నాటిది కాబట్టి నా అనుమానం దీని మీదే. కానీ లెక్కలు చూడకుండా తేల్చకూడదు.

పాత కెర్నల్‌తో బూట్ చేసి ఇవి పంపండి. ఆదేశాలు తెలుగు లిపిలో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో కొట్టాలి.

1. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే నల్ల తెర మీద బయాస్ ఆ డిస్క్‌ని ఎన్ని జీబీగా చూపిస్తోంది? తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా?

2. గ్రబ్ మెనూలో సీ నొక్కి, ఎల్ఎస్ -ఎల్ కొట్టండి. హెచ్‌డీ0 వరుసలో టోటల్ సైజ్ ఎంత?

3. సుడో ఫైల్‌ఫ్రాగ్ -వీ అని కొట్టి, పక్కన ఒక్కో ఫైలు పేరు: /బూట్‌లోని రెండు వీఎంలినజ్ (కెర్నల్) ఫైళ్ళు, రెండు ఇనిట్ఆర్‌డీ ఫైళ్ళు. ఫిజికల్ ఆఫ్‌సెట్ అన్న గడిలోని అంకెలు కావాలి.

4. సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీఏ. ఇది డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే నివేదిక (స్మార్ట్). అందులో 5, 197, 199 వరుసల చివరి విలువలు. ఆదేశం లేదంటే స్మార్ట్‌మన్‌టూల్స్ ప్యాకేజీ వేయాలి.

ఈలోగా ఆప్ట్ ఆటోరిమూవ్ మాత్రం కొట్టొద్దు. బూట్ అవుతున్న ఆ ఒక్క పాత కెర్నల్ కూడా పోయే ప్రమాదం ఉంటుంది.

గ్రంథాలయం_పీసీ:

ధన్యవాదాలండి. అన్నీ చూశాను.

బయాస్ తెర మీద 137 జీబీ. తేదీ, సమయం సరిగ్గానే ఉన్నాయి.

గ్రబ్‌లో హెచ్‌డీ0 టోటల్ సైజ్: 134217727.5 కేఐబీ.

ఫైల్‌ఫ్రాగ్‌లో నాలుగు ఫైళ్ళూ ఒక్కో ముక్కగానే ఉన్నాయి. ఫిజికల్ ఆఫ్‌సెట్ మొదలు ఇలా:
వీఎంలినజ్ 6.1.0-18: 21427200
ఇనిట్ఆర్‌డీ 6.1.0-18: 21430272
వీఎంలినజ్ 6.1.0-21: 30212096
ఇనిట్ఆర్‌డీ 6.1.0-21: 41287680, ముగింపు 41296895

స్మార్ట్ విలువలు: 5 దగ్గర 0, 197 దగ్గర 0, 199 దగ్గర 3.

ఎల్ఎస్‌బీఎల్‌కేలో ఎస్‌డీఏ 298.1జీ, ఎస్‌డీఏ1 297.1జీ అని ఉంది. డీఎఫ్ -హెచ్‌లో 68జీ వాడినట్టు చూపిస్తోంది.

సెక్టార్_63:

ఇంక అనుమానం లేదు. డిస్క్ ఆరోగ్యంగా ఉంది. 5, 197 (పాడైన, అనుమానం ఉన్న సెక్టార్ల లెక్కలు) సున్నాలు కావడమే అసలు శుభవార్త. 199 అనేది కేబుల్‌లో డేటా చెడిన సందర్భాల లెక్క, ఒకసారి పెరిగితే తగ్గదు. 3 దగ్గరే ఉండిపోతే పట్టించుకోనక్కర్లేదు. పెరుగుతూ పోతే మాత్రం 80 తీగల ఐడీఈ కేబుల్ కొత్తది వేయండి, 40 తీగల పాతది వద్దు.

జరిగింది ఇదీ. పాత ఐడీఈ పద్ధతిలో సెక్టార్ నంబరుకి 28 బిట్లే ఉండేవి. 28 బిట్లతో లెక్కపెట్టగలిగేది 26 కోట్ల 84 లక్షల చిల్లర సెక్టార్లు, కచ్చితంగా 268435456. ఒక్కో సెక్టార్ 512 బైట్లు. గుణిస్తే 137 జీబీ. ఆ తర్వాత ఏటీఏ-6 ప్రమాణంలో 48 బిట్ల నంబర్లు వచ్చాయి గానీ, మీ బోర్డులోని బయాస్ దాన్ని నేర్చుకోకముందే తయారైంది. మీ గ్రబ్ చూపించిన 134217727.5 కేఐబీని రెండుతో గుణించండి: 268435455 సెక్టార్లు. సరిగ్గా 28 బిట్ల గోడే.

గ్రబ్‌కి మామూలుగా సొంత డిస్క్ డ్రైవర్ ఉండదు, ఏది చదవాలన్నా బయాస్‌నే అడుగుతుంది. లినక్స్ కెర్నల్ ఒకసారి లేచాక బయాస్ ఊసే ఎత్తదు, తన డ్రైవర్‌తో 320 జీబీ మొత్తం చూస్తుంది. అందుకే ఎల్ఎస్‌బీఎల్‌కేలో 298జీ (320 జీబీనే 1024 లెక్కలో) పూర్తిగా కనిపిస్తోంది. ఫైల్ సిస్టమ్‌కి ఈ గోడ సంగతే తెలియదు కాబట్టి ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడ ఫైలు పెడుతుంది.

ఇప్పుడు మీ అంకెలు. ఫైల్‌ఫ్రాగ్ చూపించేది 4096 బైట్ల బ్లాకుల్లో. ఒక బ్లాకుకి 8 సెక్టార్లు. పార్టిషన్ 2048వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది. కాబట్టి బ్లాకు నంబరుని 8తో గుణించి 2048 కలిపితే డిస్క్ మీద అసలు చోటు వస్తుంది.

పాత ఇనిట్ఆర్‌డీ: 21430272 × 8 + 2048 = 171444224. అంటే సుమారు 88 జీబీ దగ్గర. బయాస్‌కి అందుతుంది.
కొత్త వీఎంలినజ్: 241698816. సుమారు 124 జీబీ. ఇదీ అందుతుంది, కాకపోతే అంచుకి దగ్గర్లోనే ఉంది.
కొత్త ఇనిట్ఆర్‌డీ: 330303488. సుమారు 169 జీబీ. గోడ అవతల పడింది.

మీకు "లోడింగ్ లినక్స్" దాటి, ర్యామ్‌డిస్క్ దగ్గరే తప్పు రావడానికి కారణం ఇదే. వీఎంలినజ్ కూడా అవతల పడి ఉంటే "యూ నీడ్ టు లోడ్ ద కెర్నల్ ఫస్ట్" అని ఇంకో వరుస వచ్చేది, ప్యానిక్ దాకా కూడా వెళ్ళేది కాదు. మళ్ళీ మళ్ళీ ఎనిమిదితో గుణించక్కర్లేకుండా మీ యంత్రానికి ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు: ఫైల్‌ఫ్రాగ్‌లో 33554176, ఆ పైన కనిపించిన ఏ బ్లాకూ బయాస్‌కి అందదు.

గోడ ఇవతలే బూట్ ఫైళ్ళు ఉండేలా చేసేవరకు మూడు పనులు చేయకండి.

గ్రబ్-ఇన్‌స్టాల్ కొట్టకండి, డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ కూడా వద్దు. ఇప్పుడు మీ అదృష్టం కొద్దీ /బూట్/గ్రబ్ లోని మాడ్యూళ్ళు ఇవతలే ఉన్నాయి. మళ్ళీ రాయించాక అవి అవతల పడితే మెనూ కూడా రాదు, "గ్రబ్ రెస్క్యూ" అన్న ప్రాంప్ట్ దగ్గర నిలబడిపోతారు.

అప్‌డేట్లు ఆపండి. కెర్నల్ అప్‌డేట్ ఒక్కటే కాదు, ఇతర ప్యాకేజీలు కొన్ని మారినా అప్‌డేట్-ఇనిట్ఆర్ఏఎంఎఫ్ఎస్ నడిచి ఇనిట్ఆర్‌డీని కొత్తగా రాస్తుంది. కొత్తగా రాసిన ఫైలు పాత చోటే కూర్చుంటుందన్న హామీ లేదు.

పాత కెర్నల్ ప్యాకేజీని తీసేయకండి.

పాతబోర్డు:

సెక్టార్ గారు చెప్పిన లెక్క సరైనదే. కానీ దీనికి పార్టిషన్ల జోలికి ఎందుకు? ఇనిట్ఆర్‌డీని వేరే పేరుతో కాపీ చేసి, ఫైల్‌ఫ్రాగ్‌తో ఎక్కడ పడిందో చూసి, ఇవతల పడిన కాపీకి అసలు పేరు పెడితే సరిపోతుంది కదా? 230 జీబీ ఖాళీ ఉంది, ఏదో ఒకటి కింద పడకపోదు. లేదంటే బ్యాకప్ తీసి శుభ్రంగా మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

సెక్టార్_63:

కాపీ పద్ధతి ఇవాళ్టికి పనిచేస్తుంది. అవసరం ఉండి ఈ రోజే కొత్త కెర్నల్ కావాలంటే చేసుకోవచ్చు కూడా. కాపీ చేశాక సింక్ కొట్టి, ఆ తర్వాతే ఫైల్‌ఫ్రాగ్ చూడాలి; ఎక్స్‌ట్4 డేటాని ఆలస్యంగా రాస్తుంది కాబట్టి వెంటనే చూస్తే చోటు ఖరారై ఉండదు. కానీ తర్వాతి అప్‌డేట్‌కి కథ మొదటికొస్తుంది. గ్రంథాలయంలో ఆ కంప్యూటర్ ముందు కూర్చునేవారు ప్రతి అప్‌డేట్‌కీ ఈ లెక్క వేసుకోలేరు.

మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే ఇంకా మోసం. కొత్త ఫైల్ సిస్టమ్ ఖాళీగా ఉంటుంది కాబట్టి మొదట్లో అన్నీ ఇవతలే పడి, బాగైనట్టే కనిపించవచ్చు. ఇన్‌స్టాలర్ మళ్ళీ మొత్తం డిస్క్‌ని ఒకే పార్టిషన్ చేస్తే కొన్నాళ్ళకి ఇదే తప్పు మళ్ళీ వస్తుంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా చేయకపోయినా, విభజన మారాల్సిందే.

నీలిదీపం:

విభజన మార్చడానికి రెండు దార్లు. డిస్క్ మొదట్లో 512 ఎంబీ లేదా 1 జీబీ సైజులో విడిగా /బూట్ పెట్టడం పుస్తకాల్లో చెప్పే పద్ధతి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవారికి అదే మంచిది. కానీ మీకు ఎస్‌డీఏ1 డిస్క్ మొదటినుంచే ఉంది. ముందు చోటు చేయాలంటే పార్టిషన్ మొదలునే పక్కకి జరపాలి, అంటే అందులోని డేటా మొత్తం జరగాలి. మధ్యలో కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ రెండు ముక్కలుగా మిగులుతుంది.

మీ డేటా 68జీ మాత్రమే కాబట్టి సులువైన దారి ఉంది. మొదలు కదపకుండా, చివరినుంచి ఎస్‌డీఏ1ని 120 జీఐబీకి (సుమారు 129 జీబీకి) కుదించండి. అప్పుడు రూట్ మొత్తం గోడ ఇవతలే ఉంటుంది, ఏ ఫైలు ఎక్కడ పడినా బయాస్‌కి అందుతుంది. మిగిలిన చోటు వేరే పార్టిషన్‌గా డేటాకి వాడుకోవచ్చు.

నడుస్తున్న రూట్‌ని కుదించలేరు. ఆ బోర్డు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుందన్న నమ్మకం లేదు. పైగా 845 బోర్డుల్లో మొదటివాటికి యూఎస్‌బీ 1.1 మాత్రమే. సెకనుకి సుమారు ఒక ఎంబీ చొప్పున 68 జీబీ బ్యాకప్ తీయాలంటే పందొమ్మిది గంటలు పడుతుంది. కాబట్టి డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీ-ఐడీఈ అడాప్టర్‌తో లినక్స్ ఉన్న ఇంకో కంప్యూటర్‌కి తగిలించండి. లాప్‌టాప్ అయితే మరీ మంచిది, కరెంటు పోయినా బ్యాటరీ ఉంటుంది. కానీ 3.5 అంగుళాల డిస్క్‌కి అడాప్టర్ విడిగా 12 వోల్టులు ఇస్తుంది, అది గోడ సాకెట్ నుంచే వస్తుంది. దాన్ని యూపీఎస్‌కే పెట్టండి. డిస్క్ జంపర్ మాస్టర్ మీద ఉండాలి, స్లేవ్ మీద ఉంటే చాలా అడాప్టర్లు గుర్తించవు.

ఇక క్రమం. ఇక్కడ డిస్క్ పేరు ఎస్‌డీబీ అనుకుందాం. మీ దగ్గర ఏ పేరు వచ్చిందో ఎల్ఎస్‌బీఎల్‌కేలో సైజు చూసి నిర్ధారించుకోండి.

మొదట బ్యాకప్. /హోమ్, /ఈటీసీ, జాబితా డేటాబేస్ ఎక్కడుంటే అది వేరే డిస్క్‌కి కాపీ చేసి, కాపీలోంచి ఒకట్రెండు ఫైళ్ళు తెరిచి చూడండి.

తర్వాత పార్టిషన్ టేబుల్‌ని ఫైలుగా దాచండి: సుడో ఎస్ఎఫ్‌డిస్క్ -డీ /డెవ్/ఎస్‌డీబీ > టేబుల్.టీఎక్స్‌టీ. ఇది కొద్ది వరుసల చిన్న ఫైలే, కానీ ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని గట్టెక్కించేది ఇదే. ఈ ఫైలు ఆ డిస్క్ మీద కాకుండా ల్యాప్‌టాప్‌లో ఉండాలి.

ల్యాప్‌టాప్ దానంతట అదే డిస్క్‌ని మౌంట్ చేసి (వాడకానికి తెరిచి) ఉంటుంది. సుడో యూమౌంట్ /డెవ్/ఎస్‌డీబీ1 కొట్టండి. ఫైల్ మేనేజర్‌లో "సేఫ్లీ రిమూవ్" నొక్కితే అసలు డిస్కే మాయమవుతుంది, అది కాదు.

సుడో ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ /డెవ్/ఎస్‌డీబీ1. ఇది తప్పులేవీ లేకుండా ముగిస్తేనే ముందుకు వెళ్ళాలి.

సుడో రీసైజ్2ఎఫ్ఎస్ /డెవ్/ఎస్‌డీబీ1 118జీ. జీ పెద్ద అక్షరం. ఇది గోడ అవతల ఉన్న డేటాని ఇవతలికి తెస్తుంది. అవతల ఎంత ఉందో దాన్ని బట్టి గంట పట్టవచ్చు, నాలుగైదు గంటలూ పట్టవచ్చు. తెర మీద ఏమీ కదలకపోయినా ఆపొద్దు.

సుడో పార్టెడ్ /డెవ్/ఎస్‌డీబీ రీసైజ్‌పార్ట్ 1 120జీఐబీ. డేటా పోవచ్చన్న హెచ్చరిక వస్తుంది, యస్ అనండి. ఫైల్ సిస్టమ్ ముందే 118కి తగ్గింది కాబట్టి భయం లేదు.

సుడో రీసైజ్2ఎఫ్ఎస్ /డెవ్/ఎస్‌డీబీ1, ఈసారి సైజు ఇవ్వకుండా. మిగిలిన రెండు జీబీలని నింపుకుంటుంది. ముందు రెండు జీబీ తక్కువకి కుదించి మళ్ళీ నింపడం చాదస్తంలా అనిపించవచ్చు. కానీ సరిగ్గా సమానంగా కొయ్యబోయి ఒక్క సెక్టార్ తేడా వచ్చినా ఫైల్ సిస్టమ్ తోక తెగుతుంది.

మళ్ళీ ఒకసారి ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్. చివరగా సుడో పార్టెడ్ /డెవ్/ఎస్‌డీబీ యూనిట్ ఎస్ ప్రింట్. మొదటి పార్టిషన్ ముగింపు 251658240 దరిదాపుల్లో, ఎలాగైనా 268435455 లోపల ఉండాలి.

క్రమం తారుమారై పార్టిషన్ ముందు తగ్గిపోతే ఈ2ఎఫ్ఎస్‌సీకే "సూపర్‌బ్లాక్ గానీ పార్టిషన్ టేబుల్ గానీ చెడి ఉండొచ్చు, ఆపనా?" అని అడుగుతుంది. ఆపమనండి. మరమ్మతుకి ఒప్పుకోకండి. దాచిన టేబుల్.టీఎక్స్‌టీని సుడో ఎస్ఎఫ్‌డిస్క్ /డెవ్/ఎస్‌డీబీ < టేబుల్.టీఎక్స్‌టీ అని వెనక్కి రాస్తే పార్టిషన్ పాత హద్దులకి వస్తుంది, డేటా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

జీపార్టెడ్‌లో ఎలుకతో లాగినా ఇవే పనులు ఇదే క్రమంలో జరుగుతాయి. అలవాటు లేనివారికి అదే మేలు.

డిస్క్ తిరిగి పాత యంత్రంలో పెట్టాక గ్రబ్‌ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకుండానే మెనూ వస్తుంది. గ్రబ్ మొదటి భాగం డిస్క్ మొదటి 2048 సెక్టార్లలోని ఖాళీలో ఉంటుంది, దాన్ని మనం తాకలేదు. అది మిగతా ఫైళ్ళని పేరు పట్టి వెతుక్కుంటుంది, పార్టిషన్ యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) కూడా మారదు. 6.1.0-21 నేరుగా లేవాలి. లేచాక సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ, సుడో అప్‌డేట్-గ్రబ్ నిర్భయంగా కొట్టుకోవచ్చు, అప్‌డేట్లు కూడా.

గ్రంథాలయం_పీసీ:

చాలా వివరంగా చెప్పారు, ఇద్దరికీ కృతజ్ఞతలు. యూఎస్‌బీ-ఐడీఈ అడాప్టర్ తెప్పిస్తున్నాను. మూడు సందేహాలు. ఒకటి, ఈలోగా పాత కెర్నల్ కూడా ఏ కారణం చేతనో లేవకపోతే లోపలికి వెళ్ళే దారేమైనా ఉందా? రెండు, మిగిలిన 177 జీబీలో కొత్త పార్టిషన్ కూడా ల్యాప్‌టాప్ మీదే చేసేయవచ్చా? మూడు, ఇదంతా చేశాక డెబియన్ 13కి వెళ్ళవచ్చా?

సెక్టార్_63:

మొదటిదానికి: గ్రబ్‌కి సొంత డిస్క్ డ్రైవర్లు అసలు లేవని కాదు, మామూలుగా వాడదు. మెనూలో సీ నొక్కి నేటివ్‌డిస్క్ అని కొట్టండి. బయాస్‌ని పక్కనపెట్టి గ్రబ్ తానే డిస్క్‌తో మాట్లాడుతుంది. అప్పుడు డిస్క్ పేరు హెచ్‌డీ0 బదులు ఏటీఏ0 అవుతుంది, ఎల్ఎస్ కొడితే కనిపిస్తుంది. ఆపై వరుసగా:

సెట్ రూట్=(ఏటీఏ0,ఎంఎస్‌డాస్1)
లినక్స్ /వీఎంలినజ్ రూట్=/డెవ్/ఎస్‌డీఏ1 ఆర్ఓ
ఇనిట్ఆర్‌డీ /ఇనిట్ఆర్‌డీ.ఐఎంజీ
బూట్

డెబియన్‌లో ఆ రెండు పేర్లూ రూట్‌లోనే కొత్త కెర్నల్‌కి లింకులుగా ఉంటాయి, వెర్షన్ నంబర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇనిట్ఆర్‌డీ వరుస దగ్గర చాలాసేపు ఆగినట్టుంటుంది. గ్రబ్ డ్రైవర్ నెమ్మది, 36 ఎంబీ ఫైలు చదవాలి, ఓపిక పట్టండి. ఒక జాగ్రత్త: నేటివ్‌డిస్క్ యూఎస్‌బీని కూడా బయాస్ చేతిలోంచి తీసుకుంటుంది, యూఎస్‌బీ కీబోర్డు అక్కడికక్కడే మూగబోవచ్చు. ఊదారంగు గుండ్రటి ప్లగ్ ఉన్న పీఎస్/2 కీబోర్డు ముందే తగిలించుకోండి. నేటివ్‌డిస్క్ మాడ్యూలే గోడ అవతల ఉంటే మాత్రం ఈ దారి కూడా మూసుకుపోతుంది. గ్రబ్-ఇన్‌స్టాల్ వద్దని గట్టిగా చెప్పింది అందుకే.

నీలిదీపం:

రెండోదానికి: పార్టిషన్ గీయడం ల్యాప్‌టాప్ మీద చేసినా పర్వాలేదు, ఫార్మాట్ మాత్రం పాత యంత్రం మీద డెబియన్ 12తోనే చేయండి. కొత్త డిస్ట్రోల ఎంకేఎఫ్ఎస్ ఎక్స్‌ట్4కి కొత్త సౌకర్యాలు కొన్ని తనంతట తానే చేరుస్తుంది. పాత గ్రబ్, పాత పరికరాలు అవి ఉన్న ఫైల్ సిస్టమ్‌ని చదవలేకపోవచ్చు. డేటా పార్టిషన్‌కి దీనివల్ల పెద్ద నష్టం లేదు గానీ, విడిగా /బూట్ చేసుకునేవారికి ఇది నేరుగా తగిలే దెబ్బ. అలాంటివారు /బూట్‌ని ఎక్స్‌ట్2గా ఫార్మాట్ చేస్తే ఏ పేచీ ఉండదు.

పాత యంత్రంలో ఎస్‌డీఏ3గా కనిపిస్తుంది. ఎంకేఎఫ్ఎస్.ఎక్స్‌ట్4 చేసి, బీఎల్‌కేఐడీ ఇచ్చిన యూయూఐడీతో /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైలు) ఒక వరుస చేర్చండి, ఆప్షన్లలో డిఫాల్ట్స్ పక్కన నోఫెయిల్ పెట్టండి. అది లేకపోతే ఎప్పుడైనా ఆ పార్టిషన్ మౌంట్ కానప్పుడు సిస్టమ్ మొత్తం ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

పాతబోర్డు:

డిస్క్ కుదించే ధైర్యం లేనివారికి ఇంకో మాట. ఐడీఈ నుంచి కాంపాక్ట్ ఫ్లాష్‌కి మార్చే చిన్న అడాప్టర్లు దొరుకుతాయి. 1 జీబీ కార్డు చాలు, కెర్నల్, ఇనిట్ఆర్‌డీ జత ఒక్కోటి 50 ఎంబీ లోపే. కార్డుని ప్రైమరీ మాస్టర్‌గా, పెద్ద డిస్క్‌ని వేరే కేబుల్ మీద పెట్టి, /బూట్ అంతా కార్డుకి కాపీ చేసి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో చేర్చి, గ్రబ్‌ని కార్డు మీద ఇన్‌స్టాల్ చేయాలి. బయాస్ చిన్న కార్డునే చదువుతుంది, పెద్ద డిస్క్‌తో దానికి పనే ఉండదు. మూలన పడున్న 20 జీబీ పాత డిస్క్ ఉన్నా ఇదే పద్ధతి. డిస్క్ పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ తారుమారవుతాయి కాబట్టి ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో అన్నిచోట్లా యూయూఐడీలే ఉన్నాయేమో ముందే చూసుకోండి.

సెక్టార్_63:

కాంపాక్ట్ ఫ్లాష్ మంచి ఉపాయం, కుదరకపోతే అదే చేయండి.

మూడో ప్రశ్నకి: వెళ్ళొద్దు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ ఐ386కి ఇన్‌స్టాలర్ లేదు, కెర్నల్ ప్యాకేజీ కూడా లేదు. 64-బిట్ యంత్రాల మీద పాత 32-బిట్ ప్రోగ్రాములు నడపడానికే ఆ ప్యాకేజీలు మిగిలాయి. మీ ప్రాసెసర్ 64-బిట్ అవునో కాదో చూడాలంటే గ్రెప్ -డబ్ల్యూ ఎల్ఎం /ప్రాక్/సీపీయూఇన్ఫో కొట్టండి. ఏమీ రాకపోతే 32-బిట్టే, 2.4 గిగాహెర్ట్జ్ పెంటియం 4లో రాదు. సోర్సెస్.లిస్ట్‌లో స్టేబుల్ అని రాసి ఉంటే ఇవాళే బుక్‌వార్మ్ అని మార్చండి, లేకపోతే మామూలు అప్‌డేట్ అనుకుని కొట్టింది 13 వైపు లాగుతుంది.

డెబియన్ 12 మద్దతు ముగిశాక ఇదే యంత్రాన్ని నడపాలంటే నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ ఇంకా 32-బిట్ ఐ386ని చూసుకుంటున్నాయి. వాటి బూట్‌లోడర్లూ బయాస్‌నే అడుగుతాయి, కాబట్టి అక్కడ కూడా రూట్ పార్టిషన్ 137 జీబీ లోపలే గీయాలి.